వేలిముద్ర ఇప్పుడే కావాలి.. బిల్లు మాత్రం రేపు!

ఈ పేజీ చదవడం కాసేపు ఆపి ఒక పని చేయండి. పాసు పుస్తకాలు దాచుకునే రేకు పెట్టె దించండి. కిందటి వానాకాలంలో కొన్న విత్తనాల బిల్లు, ఎరువుల చీటీ, పురుగు మందుల రశీదు వెతకండి. దొరికాయా? దొరికినవాళ్లు వాటిని గుమ్మంలో వెలుగు పడేచోటికి తెచ్చి చదవండి. అక్షరాలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే మీరు అదృష్టవంతులే. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల బిల్లే ఉండదు. ఉన్నచోట దాని మీద రాత ఉండదు.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, 2025 నవంబరులో ఓ మిర్చి రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కూసుమంచి దాటి లోపలికి వెళితే వాళ్ల ఊరు. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి పెట్టాడు. తోటకు వెళ్లి చూశాను. ఒకే సాలులో రెండు మూడు రకాల చెట్లు. ఒకటి నడుమెత్తు పెరిగి కాయ లేకుండా నిలబడింది, దాని పక్కది మోకాలెత్తులోనే ఆగిపోయి పొట్టి కాయ కాసింది. అతను కొన్నది మాత్రం ఒకే పేరున్న విత్తనం, ఒకే కొట్లో, ఒకే రోజు.

"బిల్లు ఉందా?" అని అడిగాను. "ఎందుకు లేదన్నా, జాగ్రత్త చేశా" అని చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, రెంటి మధ్య నాలుగు మడతలు పెట్టిన చీటీ. మడతలు విప్పితే ఏముంది? తెల్ల కాగితం. పైన కొట్టు పేరులో రెండక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి, అంతే. లాట్ నంబరు లేదు, తేదీ లేదు, డబ్బు ఎంత కట్టాడో లేదు. "కొన్ననాడు అన్నీ ఉన్నాయన్నా, నేనే చదివా" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. చీటీయే మాట తప్పింది.

దీని వెనకాల సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇప్పుడు కొట్లలో చీటీ కొట్టే చిన్న మిషన్లలో సిరా ఉండదు. కాగితానికే ఒక రకం మందు పూత పూసి ఉంటుంది. మిషన్ లోపలి వేడి తగిలినచోట ఆ పూత నల్లబడి అక్షరంలా కనిపిస్తుంది. ఏటీఎం చీటీ, పెట్రోలు బంకు చీటీ, బస్సు కండక్టరు మిషన్ టికెట్టు అన్నీ ఈ బాపతే. ఎండ తగిలినా, చెమట, నూనె అంటినా ఆ రాత పాలిపోతుంది. ప్లాస్టిక్ కవరులో నెలల తరబడి ఒత్తుకుని ఉన్నా అంతే. మనవాళ్లేమో తడవకూడదని ప్లాస్టిక్ కవరులోనే పెడతారు! మాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. కలకాలం ఉంటుందని చీటీని లామినేషన్ చేయించాడు. వేడి తగిలితే నల్లబడే కాగితం గదా, మిషన్‌లోంచి బయటికి వచ్చేసరికి మొత్తం బొగ్గులా అయింది. డబ్బులిచ్చి మరీ బిల్లుకు నల్లరంగు వేయించుకున్నట్టయింది.

విత్తనం జూన్, జూలైలో కొంటాం. అది మంచిదో చెడ్డదో తేలేది పూతా కాపూ వచ్చాక. అంటే బిల్లుతో పని పడేది నాలుగైదు నెలల తర్వాత. సరిగ్గా అప్పటికి చీటీ తెల్లబడుతుంది. వెనకటి రోజుల్లో కార్బన్ కాగితం పెట్టి, బాల్ పెన్నుతో ఒత్తి రాసిన బిల్లులు మా నాయన పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. చెదలు తిన్నచోట తప్పితే మిగతాదంతా చదవొచ్చు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదానికన్నా మెరుగనుకుంటాం గానీ, ఈ ఒక్క విషయంలో కార్బన్ బుక్కే నయం.

మళ్లీ మన మిర్చి రైతు దగ్గరికి వద్దాం. కొట్టుకు వెళ్లి అడిగితే యజమాని "మా దగ్గరే కొన్నట్టు ఏముంది?" అన్నాడట. రోజూ అన్నా, బావా అని పిలుచుకునే మనుషులే. నష్టం వచ్చినరోజు వరసలు ఎక్కడికి పోతాయో తెలియదు.

నా బాధ ఒక్కటే. రైతు ఏ కౌంటరు దగ్గరికి వెళ్లినా తానెవరో రుజువు చేసుకోవాలి. ఆధార్ నంబరు చెప్పాలి. వేలు పెట్టాలి. ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పాలి. పాసు పుస్తకం జిరాక్సు ఇవ్వాలి. కొన్నిచోట్ల ఫొటో కూడా దిగాలి. ఇన్ని ఇచ్చిన మనిషికి అవతలివాళ్లు ఇవ్వాల్సింది ఒకే ఒక్క కాగితం. అది అడిగితే మాత్రం "రేపు ఇస్తాలే", "కంప్యూటర్ మొరాయిస్తోంది", "రోల్ అయిపోయింది", అన్నిటికన్నా పెద్దది "నా మీద నమ్మకం లేదా?" నమ్మకం మాటకొస్తే, మన వేలు పెట్టించుకునేవాళ్లు మనల్ని నమ్మే పెట్టించుకుంటున్నారా?

బిల్లు ఎందుకు అడగరని నేను చాలా ఊళ్లలో అడిగి చూశాను. మొదటి జవాబు ఎక్కడైనా ఒకటే. "అప్పుకు తెచ్చేవాడు బిల్లు ఎట్లా అడుగుతాడండీ?" కాదనలేని మాట. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు పత్తి, మిర్చి వేసే చిన్న రైతుకు, ముఖ్యంగా కౌలు రైతుకు, బ్యాంకు కన్నా ముందు ఎరువుల కొట్టే దిక్కు. విత్తనం దగ్గర్నుంచి ఆఖరి స్ప్రే దాకా ఖాతాలో రాయించుకుని, పంట అమ్మాక వడ్డీతో కడతాడు. ఖాతా పుస్తకం కొట్టు యజమాని దగ్గర ఉంటుంది. రైతు దగ్గర ఉండేది అట్టముక్క మీద రాసిన నాలుగు అంకెలు. "మందు 2, 1840" అని ఉంటుంది. ఏం మందు, ఏ కంపెనీ, అర లీటరా, పావు లీటరా? దేవుడికే తెలియాలి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, 1997-98లో, వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పత్తి చేలను మింగేసింది. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడు ఎంతమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఈ పేజీ చదివే పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మందులు నకిలీవా, పురుగే మొండిదైందా అన్న వాదన అప్పట్లో చాలాకాలం నడిచింది. తర్వాత విలేకరినయ్యాక ఆ వైపు ఊళ్లలో తిరిగాను. నేను మాట్లాడిన ఇళ్లలో అప్పు లెక్క పైసలతో సహా అందరికీ గుర్తుంది. మందు బిల్లు మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు.

అప్పు రైతులు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, బిల్లు ఇవ్వమని చెప్పే చట్టాలు నగదు బేరానికి మాత్రమే అని ఎక్కడా అనలేదు. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1971 నాటి పురుగు మందుల నియమాలు, ఈ మూడూ ఒకే మాట చెబుతాయి. నగదుకు అమ్మినా, అరువుకు అమ్మినా కొన్నవాడికి బిల్లు ఇవ్వాలి. ఎరువుల బిల్లు ఎట్లా ఉండాలో ఒక నమూనా కూడా పెట్టారు, దాన్ని ఫారం ఎం అంటారు. ధరలు, నిల్వల పట్టిక నలుగురికీ కనపడేట్టు కొట్లో పెట్టాలన్నదీ ఆ ఉత్తర్వుల్లో ఉన్నదే. అంటే ఉద్దెరకు తెచ్చుకున్నవాడు బిల్లు అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. పైగా అప్పుకు తెచ్చుకునేవాడికే బిల్లు ఎక్కువ అవసరం. రేపు ఖాతాలో అంకె పెరిగితే చూపించుకోవడానికైనా ఒక కాగితం ఉండొద్దా?

రెండో జవాబు జీఎస్టీ. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది, వద్దంటే యాభై తగ్గిస్తా" అంటాడు కొట్టాయన. మనవాళ్లు యాభై మిగిలిందని సంతోషంగా వస్తారు. కాస్త ఆలోచించండి. విత్తుకునే విత్తనాలకు అసలు జీఎస్టీయే లేదు. ఎరువులకు 5 శాతం, రసాయన పురుగు మందులకు 18 శాతం ఉన్నమాట నిజమే. కానీ బస్తా మీద, డబ్బా మీద అచ్చు వేసిన గరిష్ఠ ధరలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి. బిల్లు రాసినంత మాత్రాన దాని మీద మళ్లీ పన్ను వేయడానికి లేదు. యాభై తగ్గించాడంటే మనకు యాభై మిగిలినట్టు కాదు, రేపు పంట పోతే అడిగే నోరును యాభైకి అమ్ముకున్నట్టు.

మూడో జవాబు తొందర. వాన పడింది, పదును ఆరిపోతోంది, కొట్టు ముందు ఊరంతా నిలబడి ఉంది, అప్పుడు బిల్లు గురించి ఎవడు ఆలోచిస్తాడు? ఇది నేను కూడా చేసిన తప్పే, దాచను.

"బిల్లు ఉంటే మాత్రం ఏం ఒరుగుతుంది, కంపెనీల మీద మనం గెలుస్తామా" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒక కేసు సంగతి వినాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనం సరిగా లేక నష్టపోయామని వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. అవతలి పక్షం చిన్నది కాదు, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విత్తనాలకు వేరే చట్టం ఉంది కాబట్టి ఫోరానికి అధికారం లేదని ఒక వాదన. రైతు వ్యాపారం కోసం కొన్నాడు కాబట్టి వినియోగదారుడే కాదని ఇంకో వాదన. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు గదా అని మరో వాదన. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వీటిని ఒప్పుకోలేదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. కొన్న విత్తనమంతా చేలో చల్లే రైతు, పరీక్ష కోసం కొంత దాచిపెట్టి ఉండాలని ఆశించడం సబబు కాదని కూడా చెప్పింది. విత్తనం దాచకపోయినా కోర్టు అర్థం చేసుకుంది. కొన్నట్టు రుజువు కూడా దాచకపోతే మన తరఫున ఎవరు ఏం మాట్లాడతారు?

ఇప్పుడున్న వినియోగదారుల చట్టం 2019 నాటిది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వెళ్లాలి. వకీలును పెట్టుకుని తీరాలన్న నిబంధన లేదు. ఈ-జాగృతి అనే వెబ్‌సైట్ ద్వారా కూడా వేయొచ్చు. అయితే అక్కడా బిల్లు కాపీ ఎక్కించాలి. తెల్ల కాగితాన్ని ఎంత మంచి మిషన్ మీద స్కాన్ చేసినా తెల్లగానే వస్తుంది!

బిల్లు అంటే ఎట్లాంటి బిల్లు? కొట్టు పేరు, లైసెన్సు నంబరు, తేదీ ఉండాలి. రైతు పేరు, ఊరు ఉండాలి. విత్తనమైతే రకం పేరు, లాట్ నంబరు, గడువు తేదీ. మందు అయితే బ్యాచ్ నంబరు. ఎన్ని, ఎంత ధర, కింద సంతకం. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది, కొట్టువాళ్లు తరచూ రాయకుండా వదిలేసేదీ లాట్ నంబరే. పొట్లం మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటేనా అని కొట్లో ఉండగానే చూసుకోవాలి. పొట్లం కోసేటప్పుడు లేబులు ఉన్న వైపు కాకుండా రెండో వైపు కోయండి. ఖాళీ పొట్లం, సంచికి కుట్టిన ట్యాగు పంట ఇంటికి వచ్చేదాకా ఉంచండి. ట్యాగుల రంగు కూడా చూసుకోవాలి. నీలం ట్యాగు ఉంటే ధ్రువీకరించిన విత్తనం. లేత ఆకుపచ్చ ట్యాగు ఉంటే కంపెనీ తన పూచీ మీద అమ్ముకునే విత్తనం, మన దగ్గర హైబ్రిడ్లు ఎక్కువగా ఇవే. పూచీ కంపెనీది అయినప్పుడు కాగితం మన చేతిలో ఉండకపోతే ఎట్లా?

ఇక వేలిముద్ర. ఎరువుల కొట్లో వేలు ఎందుకు పెట్టమంటారో చాలామందికి ఎవరూ చెప్పలేదు. యూరియా బస్తా 45 కిలోలు, గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. మిగతా సొమ్ము కేంద్ర ప్రభుత్వం కంపెనీకి సబ్సిడీగా కడుతుంది. ఇదివరకు సరుకు జిల్లాకు చేరితే చాలు, సబ్సిడీలో ఎక్కువ భాగం కంపెనీకి వెళ్లేది. 2018 నుంచి దేశమంతటా పద్ధతి మారింది. కొట్లో మిషన్ మీద అమ్మకం నమోదైతేనే కంపెనీకి సబ్సిడీ వెళుతుంది. ఆ నమోదు జరిగేది మన వేలితోనే. అంత విలువైన వేలండీ ఇది!

మరి ఆ వేలితో ఎన్ని బస్తాలు రాశారు? మనం తీసుకున్నది మూడు, మిషన్‌లో పడింది మూడేనా, ఎనిమిదా? చీటీ చూస్తే గానీ తెలియదు. చీటీ తీసుకోకపోతే ఎప్పటికీ తెలియదు. నేను అందరినీ అనడం లేదు, నీతిగా నడిచే కొట్లు, సొసైటీలు కావలసినన్ని ఉన్నాయి. కానీ "ముందు వేలు పెట్టి వెళ్లు, బస్తాలు సాయంత్రం లారీ వచ్చాక తీసుకుందువు" అన్నచోట కాస్త ఆలోచించాల్సిందే. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు, పాసు పుస్తకాలు వరసలో పెట్టి నిలబడ్డ రోజులు మనం మరిచిపోలేదు. అంతసేపు నిలబడ్డ మనిషి బస్తా చేతికొస్తే చాలనుకుంటాడు గానీ చీటీ కోసం మళ్లీ నిలబడతాడా? దానికి తోడు లింకు గోల. యూరియా కావాలంటే ఈ సీసా కూడా తీసుకోవాలి, ఆ గుళికల సంచి కూడా తీసుకోవాలి అంటారు. ఆ సీసా కూడా బిల్లులో రాయమని అడిగి చూడండి. రాయరు. రాస్తే లింకు పెట్టినట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు గదా! బిల్లు అడగడంలో ఇదొక లాభం.

వేలు పడకపోవడం ఇంకో బాధ. మిర్చి కోసీ కోసీ, పత్తి తీసీ తీసీ, గడ్డి పీకీ పీకీ మన ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఒక వేలు పడకపోతే ఇంకోటి, అది పడకపోతే బొటనవేలు, తుడిచి ఒకసారి, తలకు రాసి నూనె అంటించి ఒకసారి. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. పని చేసి చేసి అరిగిన వేలు పట్టుకుని, నువ్వు నువ్వు కాదు పొమ్మంటుంది మిషన్. ఇంతకన్నా అవమానం ఉందా?

వేలు తప్పితే ఓటీపీ. మా పక్క ఊరి పెద్దాయన ఒకరు పథకం డబ్బు పడలేదని ఓ సేవా కేంద్రానికి వెళ్లారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు కొడుకుది. కొడుకేమో హైదరాబాదులో ఉద్యోగం. కేంద్రంలో కుర్రాడు బటన్ నొక్కాడు, ఓటీపీ హైదరాబాదు వెళ్లింది. పెద్దాయన ఫోన్ చేస్తే కొడుకు ఎత్తలేదు, మీటింగులో ఉన్నాడు. ఎత్తేసరికి దాని గడువు దాటింది. మళ్లీ నొక్కారు, ఈసారి సర్వర్ పోయింది. మూడోసారి కొడుకు చెప్పాడు గానీ పెద్దాయనకు వినికిడి తక్కువ, నాలుగును ఏడు అన్నారు. సాయంత్రం ఆఖరు బస్సుకు ఇంటికి వచ్చారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం టిఫిను. సరే, చివరికి పని జరిగింది. "జరిగినట్టు కాగితం ఏమైనా ఇచ్చారా పెదనాన్నా?" అంటే "మెసేజి వచ్చుద్దన్నారు" అన్నారు. మెసేజి ఎక్కడికి వెళుతుంది? కొడుకు ఫోనుకే.

యాప్‌లు ఇంకా పెరుగుతాయే గానీ తగ్గవు. 2025-26 సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే కొనరు. స్లాట్ తేదీ యాప్ ఇస్తుంది, వాన తేదీ దేవుడు ఇస్తాడు, మధ్యలో బండి మీద పత్తి మనది. ఇట్లాంటివన్నీ వద్దని నేను అనను. పైరవీలు తగ్గితే మంచిదే. కానీ స్లాట్ దొరికిందనో దొరకలేదనో, దొరకకపోతే ఎందుకు దొరకలేదో, రైతు చేతికి చదువుకునే కాగితం ఒకటి రావాలని మాత్రం అంటాను.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను, నవ్వుకోండి. 2024లో ఫోన్‌లో చూసి 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు తెప్పించాను. బజారు ధర కన్నా తక్కువని ఆశ. పెట్టె విప్పితే ట్యాంకు మూత బిగుసుకోదు, వీపు మీద వేసుకుంటే వెన్నంతా మందు నీళ్లు. ఫిర్యాదుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ కాల్ మాకు ముఖ్యం, ఇదే పాట. మూడు రోజులు తిట్టుకున్నాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వస్తువు ఇంటికి రాకముందే దాని బిల్లు నా ఫోన్‌లో ఉంది. తేదీ, ధర, అమ్మినవాడి పేరు, పన్ను ఎంత, అన్నీ. ఆ బిల్లు ఫొటోలు పంపితే పదో రోజుకు వేరే స్ప్రేయరు వచ్చింది. ముఖం చూడనివాడు అడగకుండానే బిల్లు ఇచ్చాడు. ఇరవై ఏళ్లుగా టీ ఇప్పించే మా కొట్టాయన అడిగినా ఇవ్వడు. నాకు ఇద్దరి మీదా కోపమే గానీ, వాపసు మాత్రం ఒకరి దగ్గరే వచ్చింది.

కొట్ల యజమానుల గోడు కూడా విన్నాను. సీజనులో రోజంతా జనం, మిషన్‌కు సిగ్నల్ దొరకదు, పనివాళ్లు తక్కువ, కంపెనీలు అంటగట్టిన సరుకు ఎట్లాగైనా అమ్మాలి. అప్పు ఇచ్చి వసూలు కాక మూసేసిన కొట్లూ నాకు తెలుసు. అందుకని రోజు గడిచాక అన్నీ కలిపి రాసుకుంటాం అంటారు. ఆ బాధలు నిజమే అయినా, మందు డబ్బా తీసి ఇచ్చిన చేతికి దాని నంబరు కాగితం మీద వేయడానికి ఎంతసేపు పడుతుంది?

అధికారులకు ఒక సూచన. తనిఖీకి వచ్చినప్పుడు కొట్టు లోపల కూర్చుని రిజిస్టర్లు చూసి సంతకం పెడుతున్నారు. రిజిస్టరు ఎప్పుడూ బాగానే ఉంటుంది. బయటికి వచ్చి, బస్తా బండికి ఎత్తుకుంటున్న రైతును ఆపి "బిల్లు చూపించు" అనండి. లేకపోతే రైతును వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి రాయించండి. సీజను మొదట్లో పది రోజులు ఈ పని చేస్తే సగం మార్పు వస్తుంది. అట్లాగే తెల్లబడే చీటీ ఒక్కటే ఇస్తే సరిపోదని, దాంతోపాటు మామూలు కాగితం మీద తెలుగులో, పెన్నుతో రాసి ముద్ర వేసిన బిల్లు కూడా ఇవ్వాలని జిల్లా స్థాయిలో ఒక ఆదేశం ఇవ్వడం అంత కష్టమా? రైతు వేదికల్లో పెట్టే మీటింగుల్లో తెగుళ్ల గురించి చెప్పినట్టే బిల్లు గురించి కూడా ఒక పూట చెప్పొచ్చు.

అందాకా మనం చేయగలిగింది చేద్దాం. చీటీ చేతికి వచ్చిన రోజే జిరాక్సు తీయించండి. జిరాక్సు రాత పాలిపోదు. ఫోను ఉన్నవాళ్లు చీటీని, పొట్లాన్ని పక్కపక్కన పెట్టి ఫొటో తీసి కొడుక్కో కూతురికో పంపించండి. ఒక ఫోను పోయినా ఇంకో దాంట్లో ఉంటుంది. అసలు చీటీని ప్లాస్టిక్ కవరులో కాకుండా పాత నోటు పుస్తకం మధ్యలో పెట్టండి. కొట్టాయన బిల్లు ఇవ్వనంటే మండల వ్యవసాయ అధికారికి కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితానికి కూడా అందినట్టు సంతకం తీసుకోండి సుమా! వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నంబరు ఉంది. బిల్లు పంపుతున్నాం, డబ్బు పడింది నొక్కండి అంటూ ఫోనుకు వచ్చే లింకుల జోలికి మాత్రం పోకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మిర్చి రైతు కథ ఇంకా తేలలేదు. చీటీ పోయినా అతని భార్య పుణ్యమా అని రెండు ఖాళీ పొట్లాలు మిగిలాయి. నారుమడి దగ్గర గుడిసె కప్పులో దోపి పెట్టిందట, ఎందుకు పెట్టావంటే ఆమెకే తెలియదు. వాటి మీద లాట్ నంబరు ఉంది. ఉద్యాన శాఖకు దరఖాస్తు రాసి ఇచ్చాడు, తోటను చూసి వెళ్లారు. కంపెనీ మనిషి కూడా వచ్చి వాతావరణం బాగాలేదని, వైరస్ వచ్చిందని చెప్పి వెళ్లాడు. వైరస్ వస్తే కాయ ముడుచుకుంటుంది గానీ ఒకే సాలులో మూడు రకాల కాయ కాస్తుందా అని అతను నన్ను అడిగాడు. కంపెనీ మనిషిని అడగాల్సిన మాట అది. కొట్టాయన కంప్యూటర్‌లో జూలై నాటి అమ్మకాలు తీసి చూపమని అడుగుతున్నాడు, కంప్యూటర్ మార్చామంటున్నారు.

చదివిన మీకు ఇట్లాంటి అనుభవాలు ఉంటే ఈ పేజీకి రాయండి. బిల్లు ఇవ్వనివాళ్ల సంగతే కాదు, అడగకుండానే పద్ధతిగా ఇచ్చే కొట్లు మీ మండలంలో ఉంటే అదీ రాయండి. ఊరు, మండలం వేయడం మరవొద్దు. చీటీలు పంపేవాళ్లు జిరాక్సులే పంపండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.